ఇంటి యంత్రములు: రౌటరు తలుపు ఎవరికి తీయవలెను?

గతమాసమున, ఫోనులలోని ఛాయాచిత్రములను ఇంటిలోనే యొక చిన్న పెట్టెయందు భద్రపఱచుకొను విధమును గూర్చి ఈ శీర్షికలో వ్రాసియుంటిని. దానిని చదివి చేవెళ్లనుండి యొక సోదరి దీర్ఘమైన యుత్తరము వ్రాసినారు. వారు పెట్టె కొన్నారు. చిత్రములన్నియు నందులోనికి చేర్చినారు. వానితోపాటు తమ యత్తగారు పాడిన బతుకమ్మ పాటలు, పెండ్లి పాటలు, నాట్లవేళ పాడు పాటలు నూటికి పైగా పట్టి యందే దాచినారు. అత్తగారికి ఎనుబదియేండ్లు దాటినవి. గొంతు నానాటికి తగ్గుచున్నది. డాలస్ నగరమున కాపురమున్న కుమార్తె ఆ పాటలు తనకును వినిపింపుమని యడుగుచున్నది.

“ఇంటిలో నున్నంతవఱకు పెట్టె చక్కగా పలుకుచున్నది. గడప దాటితే మూగదగుచున్నది. రౌటరులో తలుపు తీయవలెనని యెవరో చెప్పగా తీసినాను. మూడు దినములు తంటాలు పడినాను. ఎవ్వరును లోనికి రాలేకున్నారు. పాటలన్నియు ఏదో యొక పెద్ద కంపెనీవారి భాండారమున పెట్టి నెలనెలా అద్దె కట్టుమని మా వారనుచున్నారు. మా అత్తమ్మ పాటలకు నేను ఒకరికి అద్దె యేల కట్టవలెను? నా తప్పెక్కడనో చెప్పుడు” అని వారి కోరిక.

ఈ జాబు చేరిన వారమునందే నాకు మొయినాబాదునుండి మా వదినగారి పిలుపు వచ్చినది. వారి బాధ దీనికి సరిగా ఎదురు. చేవెళ్లలో తలుపు తీసినను ఎవరును రాలేదు. మొయినాబాదులో ఎవరు తీసినారో తెలియని తలుపులోనుండి ఎవరెవరో వచ్చిపోవుచున్నారు. రెండూళ్లును ఒకే బీజాపూరు రోడ్డుమీద, ఇరువది కిలోమీటర్లలోపు దూరమున నున్నవి. రెండింటిని ఒకే ప్రయాణమున చూచివచ్చితిని. ప్రయాణము సంగతి చెప్పుటకు ముందు, రౌటరు చేయు పని యేమో తెలిసికొందము.

పాతకాలపు భవంతి యిండ్ల నెఱిగినవారికి ఇది సులభముగా బోధపడును. వీథికి ఒక్కటే దర్వాజా. లోపల పది యర్రలు, నలుగురు కోడండ్రు. తపాలావానికి తెలిసినది దర్వాజామీది యింటినంబరు మాత్రమే; లోపల ఏ యర్రలో నెవరుందురో వానికి తెలియదు. దర్వాజాకడ ఇంటి పెద్దమ్మ కూర్చుండి యుండును. చిన్నకోడలు పుట్టింటికి జాబు వ్రాసి పంపినపుడు ఆమె గుర్తుంచుకొనును. బదులు రాగానే తీసికొనిపోయి చిన్నకోడలి చేతికే యిచ్చును. లోపలివారెవరును ముందుగా జాబు వ్రాయకుండగా, బయటివాడెవడో వచ్చి దర్వాజా తట్టినచో, వానిని ఎవరికడకు పంపవలెనో యామెకు తెలియదు. తెలియదు గనుక పంపదు.

రౌటరు అచ్చముగా ఆ పెద్దమ్మయే. ఇంటిలోని ఫోనులకు, టీవీకి, కంప్యూటరుకు అది లోపలి సంఖ్యలు పంచిపెట్టును. సాధారణముగా నవి 192.168 అను అంకెలతో మొదలగును. మీ యింటిలోను మా యింటిలోను అవే సంఖ్యలున్నను చిక్కులేదు. ఇండ్లలోపల, కార్యాలయములలోపల వాడుకొనుటకే కొన్ని సంఖ్యలను ప్రత్యేకించి విడుచుచు 1996లో నిబంధన వ్రాసినారు. అవి వీథిలో చెల్లవు. వీథిలో చెల్లు సంఖ్య రౌటరుకు మాత్రమే యుండును, ఇంటికంతటికి అదియే.

ఇంతటి యేర్పాటు ఏల వలసినదనగా, సంఖ్యల కఱవు చేత. ఇంటర్నెట్టు మొదట నేర్పఱచినపుడు యంత్రములకు పెట్టదగిన సంఖ్యలు మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అప్పటి వారికది అపారముగా తోచియుండును. 1994 నాటికే అవి చాలవని తెలిసి, ఒక సంఖ్య వెనుక పెక్కు యంత్రములను దాచు ఈ దర్వాజా పద్ధతిని ప్రతిపాదించినారు. ఐనను కఱవు తీరలేదు. 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచ భాండారములోని కడపటి సంఖ్యల మూటలను ఖండములకు పంచివేసినారు. మన భాగమైన ఆసియా, పసిఫిక్ ప్రాంతపు నిలువ ఆ యేప్రిలు 15వ తేదీకే అడుగంటినది. ఆ తరువాత మన పల్లెలకు ఫైబరు తీగ వచ్చినది. అనగా పంక్తిలో చివర కూర్చుండినవారము మనమే. చేవెళ్ల సోదరి చిక్కునకు మూలము ఇక్కడనే యున్నది.

ఇక తలుపు సంగతి. ఒక్కొక్క సంఖ్యకు 65,535 గుమ్మము లుండును, వీనినే పోర్టులందురు. వెబ్‌పుటలు గుప్తలిపిలో వచ్చిపోవునది 443వ గుమ్మము. దూరమునుండి యంత్రమును నడుపుట కుపయోగించునది 22వది. కెమేరా దృశ్యములు ప్రవహించునది తఱచుగా 554వది. సర్వరనగా, అడిగినవారికి అడిగినది అందించుటకై మేలుకొనియుండు యంత్రము. చేవెళ్ల సోదరి పాటల పెట్టె అట్టిదే. ‘పోర్టు ఫార్వర్డింగు’ అనియో, ‘వర్చువల్ సర్వరు’ అనియో రౌటరులో కనబడునది పెద్దమ్మకు మనమిచ్చు శాశ్వతమైన యాజ్ఞ: “443వ గుమ్మము నడిగి వచ్చినవారిని వెనుక యర్రలోని పాటల పెట్టెకడకు తీసికొనిపొమ్ము. తక్కినవారితో మాటయే వలదు.”

ఇట్లు చెప్పుకొనుచు మొయినాబాదు దారి పట్టుదము. అప్పా కూడలి దాటినది మొదలు ఆ రోడ్డుకిరువైపుల మఱ్ఱిచెట్లు ఊడలు దింపుకొని యుండును. మన్నెగూడ వఱకు 46 కిలోమీటర్లలో రమారమి 900 చెట్లు. రోడ్డు విస్తరణలో వీనిని కాపాడవలెనని జాతీయ హరిత న్యాయస్థానము వఱకు వ్యాజ్యము నడచినది. చెట్లకు ఆవల కూరగాయల మళ్లు, పూలతోటలు. మా వదినగారు చామంతి, బంతి, గులాబి పెంచి గుడిమల్కాపురము అంగడికి పంపుదురు. తోటలో నలుబది పూలబుట్టలు సర్దుకొను కొట్టము, దానిముందు వసారా. తెల్లవాఱుజామున పూలు కోయవచ్చు ఆడవారు పదిగంటలకు ఆ వసారాలోనే కూర్చుండి చద్దితిని, కాళ్లు చాపుకొందురు. రెండేండ్ల క్రితము అక్కడ దొంగతనము జరుగగా అన్నగారు నాలుగు కెమేరాలు పెట్టించినారు. వానిలో నొకటి వసారాలో. అది మెడ త్రిప్పగల కెమేరా.

ఒకనాటి రాత్రి వదినగారు లెక్కలు చూచుకొనుచుండగా ఆ కెమేరా తనంతట తానే మెడ త్రిప్పినది. మొదట పిల్లి తగిలినదనుకొన్నారు. మరల త్రిప్పినది, ఈసారి ఆమె కూర్చుండినవైపునకు. నగరములో నున్న అన్నగారికి ఫోను చేసి “మీరా త్రిప్పుచున్నది?” అని యడిగిరి. వారు నిద్రలో నుండిరి.

నేను వెళ్లి రౌటరు తెఱచి చూచితిని. కెమేరాలు పెట్టిన సాంకేతికుడు, నగరమునుండి అన్నగారు చూచుకొనుటకై, కంపెనీవారితో మాటలాడి తోటకొక స్థిరమైన వీథిసంఖ్య నిప్పించియున్నాడు. అంతవఱకు బాగుగనే యున్నది. తరువాత, ఏ గుమ్మము తీయవలెనో యెంచుకొను శ్రమలేకుండ ‘డి.ఎమ్.జెడ్.’ అనుచోట కెమేరాల రికార్డరు సంఖ్యను వ్రాసి పోయినాడు. దాని యర్థము: గుమ్మములన్నిటిని, 65,535ను, ఆ యొక్క యంత్రమువైపునకు తెఱచియుంచుము. రికార్డరుకు పాస్‌వర్డు తయారైననాడు కర్మాగారమున పెట్టినదే. రికార్డరులోని రాకపోకల పట్టికను విప్పగా ఎన్నడును వినని సంఖ్యలనుండి ప్రవేశములు పుటలు పుటలుగా కనబడినవి. వదినగారు ఒక్కమాటయు నాడలేదు. లేచిపోయి వసారాలోని కెమేరామీద ఒక తువాలు కప్పి వచ్చినారు.

ఆ కుఱ్ఱవానిని నిందించుట సులభము. దృశ్యము ఫోనులో కనబడినదా లేదా యన్నదే వానికి పరీక్ష. కనబడినది, కూలి తీసికొని పోయినాడు. ఎవరికి కనబడవలెను, ఎవరికి కనబడరాదు అను ప్రశ్న వానిని ఎవరును అడుగలేదు. అడుగగలవారు ఆ వసారాలో కూర్చుండు ఆడవారు; వారికి తలుపొకటి కలదనియే తెలియదు.

ఇది యేదో యొక తోటలోని వింతయని సోదరీమణులు తలంపవలదు. 2016లో మిరాయి యను దుష్టక్రమణిక యొకటి లోకమంతట తెఱచియున్న కెమేరాలను, రికార్డర్లను, రౌటర్లను వెదకి, కర్మాగారపు పాస్‌వర్డులు అఱువదికి పైగా వరుసగా ప్రయత్నించుచు లక్షలకొలది యంత్రములను వశపఱచుకొన్నది. ఆ యేడు అక్టోబరు 21న వానిలో పెక్కింటిని ఒక్కుమ్మడి ఉసికొల్పగా అమెరికాలో పెద్దపెద్ద వెబ్‌సైటులే గంటలతరబడి అందకపోయినవి. కెమేరాల యజమానులలో ఎందఱికి తమ కెమేరా ఆ దండులో నడచినదని తెలిసినది? మన దేశమున 2025 ఫిబ్రవరిలో బయటపడిన సంగతి ఇంతకంటె ఘోరము. గుజరాతులోని రాజకోటలో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమేరాలనుండి స్త్రీల వైద్యపరీక్షల దృశ్యములు దొంగిలింపబడి అమ్మకమునకు పెట్టబడినవి. పోలీసువారు నేరస్థులను పట్టినారు. కాని పోయిన దృశ్యమును తిరిగి తెచ్చుట యెవరి తరము?

ఆ సాయంకాలమే తోటలో చక్కబెట్టినదిది. డి.ఎమ్.జెడ్. తీసివేసితిమి. రౌటరును బయటినుండి నడుపుటకు వీలిచ్చు ‘రిమోట్ మేనేజిమెంటు’ను మూసితిమి. ‘యు.పి.ఎన్.పి.’ అనునొకటి కలదు. అది ఇంటిలోని యే యంత్రమడిగినను యజమానురాలికి చెప్పకుండ తలుపు తీయు పనిపిల్లవంటిది. దానినిని ఆపితిమి. రౌటరుకు, రికార్డరుకు కొత్త పాస్‌వర్డులు వదినగారే పెట్టి, బియ్యపు డబ్బా మూతలోపల వ్రాసి యంటించినారు. కాగితముపై వ్రాయుట తప్పని కొందఱందురు, నాకట్లు తోచదు. లోకమందలి దొంగలు వెదకునది కర్మాగారపు పాస్‌వర్డునే గాని మన బియ్యపు డబ్బాను గాదు. రికార్డరు తయారుచేసినవారు విడుదలచేసిన సవరణను దింపి యెక్కించితిమి. వసారాలోని కెమేరాను పూలుకోయు ఆడవారి నడిగి, వారి మాటప్రకారము తీసి గేటువైపు పెట్టితిమి.

మఱి అన్నగారు తోటను చూచుటెట్లు? కెమేరాలకు నేరుగా తలుపు తీయుట ఎన్నడును మంచిది కాదని నా నిశ్చితాభిప్రాయము. అవి తలుపుకడ నిలువదగిన గట్టి యంత్రములు కావు. దానికి బదులు ‘వి.పి.ఎన్.’ అను మార్గము కలదు. వైర్‌గార్డ్ అనునది వానిలో సరళమైనది. 2020నుండి లినక్సు మూలములోనే చేరియున్నది. ఒక్క గుమ్మము, సామాన్యముగా 51820వది, దానికై తీయుదుము. తాళపుచెవి గల ఫోను తట్టినపుడే యది బదులు పలుకును. తక్కిన యెవరు తట్టినను, లోపల మనిషి లేనట్లే ఊరకుండును. తాళపుచెవి ఇద్దఱి ఫోనులలోనే యున్నది. అన్నగారు మొదట “ఇంత అవసరమా?” అని గొణిగిరి గాని, తువాలు కప్పిన కెమేరాను చూచి మిన్నకుండిరి.

మఱునాడు ఆదివారము. ముందుగా తెలియజేసి చేవెళ్ల సోదరి యింటికి పోయితిని. వారు రౌటరులో వ్రాసిన యాజ్ఞను చూచితిని. ఒక్క తప్పు లేదు. పాటల పెట్టెకు 192.168.1.50 అని లోపలి సంఖ్య. ఆ సంఖ్య ప్రతిదినము మాఱకుండ పెట్టెపేర స్థిరముగా నిలిపియున్నారు. దీనిని చాలమంది మఱతురు. కరెంటు పోయి వచ్చినపుడు పెట్టెకు వేఱొక సంఖ్య వచ్చి, పెద్దమ్మ అతిథిని ఖాళీ యర్రలోనికి తీసికొనిపోవును. బయటి గుమ్మము 443, లోపలి గుమ్మము 443, మార్గము టి.సి.పి. అంతయు సరియే.

అప్పుడు వారిచేత రెండు సంఖ్యలు చదివించితిని. ఒకటి, రౌటరు పుటలో ‘వాన్’ అనుచోట కనబడు సంఖ్య. అది 100.72 తో మొదలైనది. రెండవది, “నా సంఖ్య యెంత?” అని యేదైన వెబ్‌సైటు నడిగిన నది చెప్పు సంఖ్య. అది వేఱుగా నున్నది. రెండును ఒకటియైనచో ఇంటి దర్వాజా వీథిలోనే యున్నట్లు. వేఱైనచో, ముఖ్యముగా రౌటరులోనిది 100.64 మొదలు 100.127 వఱకు గల సంఖ్యలలోనిదైనచో, దర్వాజా వీథిలో లేదు, వాడలోపల నున్నది. వాడకంతటికి ముందొక కమాను, కమానుకడ కంపెనీవారి కావలివాడు. వందలాది యిండ్లకు వీథిలో కనబడునది ఆ కమాను నంబరు ఒక్కటే. 2012లో ఈ పద్ధతికై ప్రత్యేకముగా ఆ సంఖ్యలను కేటాయించినారు. డాలస్‌నుండి వచ్చిన కుమార్తె కమానుకడనే నిలిచిపోయినది. ఇంటి పెద్దమ్మకు మనమెన్ని యాజ్ఞలిచ్చిన నేమి? ఆ పిల్ల ఆమెవఱకు రానేలేదు.

“అయ్యో, మూడు దినములు నన్ను నేనే తిట్టుకొంటినే!” అని ఆ సోదరి నవ్వినారు. కంపెనీవారు ఈ సంగతిని కనెక్షను ఇచ్చునాడే చెప్పియుండవచ్చును. వేగమెంతయో చెప్పుదురు, నెలకు ధర యెంతయో చెప్పుదురు, ఇంటికి సొంత సంఖ్య యున్నదా లేదా అన్నది మాత్రము అడిగినగాని చెప్పరు. మీరు కొత్తగా తీగ వేయించుకొనునపుడు అడుగుడు.

ఈ చిక్కునకు విఱుగుళ్లు మూడు. అదనపు రుసుము కట్టి కంపెనీవారినుండి స్థిరసంఖ్యను పొందుట మొదటిది. ఐ.పి.వి.6 అను కొత్త సంఖ్యలను వాడుట రెండవది. ఆ సంఖ్యలకు కఱవన్నది లేదు. ప్రతి యంత్రమునకు వీథిలో చెల్లు సొంత సంఖ్యయే వచ్చును. మన దేశమున సగముకంటె నెక్కువమంది ఇప్పటికే తమకు తెలియకుండ దీనిని వాడుచున్నారు. ఐతే అక్కడను రౌటరు కాపలా యుండును గనుక అనుమతి వ్రాయవలెను. పైగా వచ్చు అతిథికిని ఐ.పి.వి.6 ఉండవలెను. కుమార్తె కార్యాలయములో నది లేదట. మూడవది, లోపలినుండి మనమే ముందుగా బయటి మధ్యవర్తికి దారి వేసియుంచి, అతిథిని ఆ దారిన రప్పించుట. పెద్దమ్మ బయటికి పోయిన జాబునకు వచ్చు బదులును అడ్డగించదుగదా, అదే యుపాయము. ఇది ఉచితముగా దొరకునుగాని మధ్యవర్తి నొకరిని నమ్మవలెను. అత్తమ్మ పాటలకు ఎవరి మధ్యవర్తిత్వమును వలదని ఆ సోదరి పట్టు. మొదటిదానికే ఒప్పుకొన్నారు. “అద్దె తప్పలేదుగా” అని వారి భర్తగారు మెల్లగా ననిరి. “ఇది దర్వాజాకు, పాటలకు గాదు” అని యామె బదులు చెప్పిరి. ఆ బదులు నాకు నచ్చినది.

అంతవఱకు మంచముమీద కూర్చుండి వినుచున్న అత్తగారు నన్ను పిలిచి యడిగిరి: “నా పాట ఎవలెవలు వింటరు బిడ్డా?”

ఈ యొక్క ప్రశ్నను మొయినాబాదులో రెండేండ్ల క్రితము అడిగియుండినచో తువాలు అవసరము లేకపోయెడిది. ఆ సోదరి నోటుపుస్తకము తీసి అత్తగారిచేతనే చెప్పించినారు. డాలస్‌లోని మనుమరాలు, శంకరపల్లిలోని చిన్నబిడ్డ, నగరములో చదువుకొనుచున్న మనుమడు, ఇంటికోడలు. నలుగురు. నలుగురికి నాలుగు పేర్లు, నాలుగు పాస్‌వర్డులు పెట్టెలో వ్రాసితిమి. అందఱికి ఒక్కటే పెట్టుదమని మనుమడు ఫోనులో బ్రతిమాలెను గాని, ఒకరి ఫోను పోయినపుడు ఆ యొకరి పేరు కొట్టివేయుటకు వేఱువేఱుగా నుండుటే మేలు. పాటలకు సవరణచేయు నధికారము కోడలికి మాత్రమే, తక్కినవారు వినుటకే. ఛాయాచిత్రముల యర్రను వేఱుగా మూసియుంచితిమి.

పెట్టెకు గుప్తలిపి ప్రమాణపత్రము లేనిదే 443వ గుమ్మము తీయరాదు. లేనిచో పాస్‌వర్డు దారిపొడవున తెఱచిన పోస్టుకార్డువలె పోవును. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థవారు 2015నుండి దీనిని ఉచితముగా నిచ్చుచున్నారు. 22వ గుమ్మమును బయటికి తీయలేదు. పెట్టెను బాగుచేయువారు ఇంటికి వచ్చియే బాగుచేయుదురు గాక.

నాలుగవనాడు కంపెనీవారు స్థిరసంఖ్య నిచ్చినారు. ఆ సోదరి ఫోనులో “సంఖ్యలు రెండును కలిసినవి. ఐనను పాట రాలేదు” అని చెప్పిరి. ఎట్లు పరీక్షించినారని యడుగగా, ఇంటి వైఫైలోనుండియే బయటి సంఖ్యను పిలిచినట్లు తేలినది. కొన్ని రౌటరులు లోపలివారు బయటికి పోకుండగనే బయటినుండి వచ్చినట్లు తలుపు తట్టిన నర్థము చేసికొనవు. ఫోనులో వైఫై ఆపి, సిమ్ము డేటాతో ప్రయత్నింపుమంటిని. అప్పుడును రాలేదు. ఇంక మిగిలినది పెట్టె సొంత కాపలా. రౌటరు దర్వాజా ఐనచో, పెట్టెలో ‘ఫైర్‌వాల్’ అను అర్రతలుపు వేఱుగా నుండును. అందు ఇంటిసంఖ్యలకు మాత్రమే అనుమతి వ్రాసియుండెను. దానిని సవరించగానే, వారి గొంతులోని సంతోషముకంటె ముందు వెనుకనుండి పాట నాకు వినబడినది.

కొందఱి యిండ్లలో మఱియొక మెలిక కలదు, చెప్పి విడిచెదను. కంపెనీవారి ఫైబరు పెట్టె యొకటి, మనము కొనుక్కొన్న రౌటరొకటి, వరుసగా రెండుండును. అవి రెండును పెద్దమ్మలుగా వ్యవహరించినచో దర్వాజా వెనుక దర్వాజా యగును. అప్పుడు రెండింటను ఆజ్ఞ వ్రాయవలెను. లేదా కంపెనీవారికి చెప్పి ముందుదానిని ‘బ్రిడ్జి’గా మార్పించి దాని పెద్దఱికము తీసివేయవలెను. మీ ‘వాన్’ సంఖ్యయే 192.168 తో మొదలైనచో ఇదే కారణమని తలంపుడు.

తరువాతి యాదివారము, మనకు ఉదయము, అక్కడ శనివారపు రాత్రి, డాలస్‌లోని మనుమరాలు పెట్టె తెఱచినది. బతుకమ్మ పాటలు గాక మొట్టమొదట నాట్ల పాట నొకదానిని ఎంచుకొన్నదట. చిన్ననాడు పొలముగట్టుమీద నిద్రపుచ్చుచు నాయనమ్మ పాడినదట అది. ఫోనులో నాయనమ్మకు వినిపించి, ఒకచోట పదము తెలియలేదని యడిగినది. ముసలామె పదము చెప్పి, ఆ పాటకు ఇంకను రెండు చరణము లున్నవనియు, పట్టిననాడు దగ్గు వచ్చి విడిచిపెట్టితిననియు చెప్పినారు. ఆ రెండు చరణములు ఆ మధ్యాహ్నమే పాడించి పెట్టెలో చేర్చినారు. నోటుపుస్తకములో ఐదవ పేరుకూడ చేరినది: పరిగిలో నున్న ముసలామె చెల్లెలు. ఆమెకు పాస్‌వర్డు కొట్టుట రాదు గనుక మనుమడు పోయి నేర్పవలసియున్నది.

కరెంటు పోయినపుడు రౌటరును పెట్టెను కొన్ని గంటలు నిలిపియుంచు బ్యాటరీలను గూర్చి ఇద్దఱు సోదరీమణులు అడిగియున్నారు. దానిని వచ్చుమాసమున వ్రాసెదను.